ఫర్ చెట్టుకు మూడు వంశావళులు

ఆయుర్వేద మందుల దుకాణంలో దగ్గుకు తాళీసాది చూర్ణం అడిగితే వెంటనే తీసి ఇస్తారు. అందులో కలిసే మిరియాలు, పిప్పళ్లు, శొంఠి, యాలకులు, దాల్చినచెక్క మనకు తెలిసినవే. ఆ చూర్ణానికి పేరు తెచ్చిన తాళీసపత్రం మాత్రం చాలామంది చూసి ఉండరు. ఆయుర్వేద ఫార్మకోపియా ప్రకారం అది హిమాలయాల్లో పెరిగే ఒక ఫర్ చెట్టు ఆకు. పాత పుస్తకాల్లో దాని శాస్త్రీయ నామం అబీస్ వెబ్బియానా. ఇప్పుడు అబీస్ స్పెక్టాబిలిస్ అంటున్నారు. బజారులో ఇదే పేరుతో యూ అనే మరో హిమాలయ చెట్టు ఆకు కూడా అమ్ముడవుతుంది. దక్షిణాదిలో ఫ్లకోర్షియా అనే ముళ్ల చెట్టు ఆకునూ తాళీసపత్రమనే పిలిచారు. పొడి కొట్టాక ఇందులో ఏది ఉందో కంటితో చూసి చెప్పడం ఎవరికైనా కష్టమే.

ఆకులో మిగిలిన డీఎన్‌ఏను చదివితే ఈ చిక్కు తీరుతుంది. అదే పనిని ఇంకా లోతుగా చేస్తే చెట్టు పేరుతో పాటు దాని చుట్టరికాలు కూడా బయటపడతాయి. ఏ చెట్టు దేనికి దగ్గర, అవి ఎప్పుడు విడిపోయాయి, విడిపోయాక మళ్లీ ఎక్కడ కలిశాయి అన్నవి తెలుస్తాయి. ఫర్ చెట్ల విషయంలో ఈ కథ మిగతా చెట్లకంటే చిక్కైనది. ఎందుకంటే ఒకే ఫర్ చెట్టులో మూడు వేర్వేరు చరిత్రలు దాగి ఉంటాయి. ఆ మూడూ ఒకే మాట చెప్పవు.

ముందు ఫర్ అంటే ఏమిటో చూద్దాం. అది పైన్, స్ప్రూస్, దేవదారు చెట్ల కుటుంబానికి చెందినది. ఇవన్నీ వివృతబీజాలు (పండులో దాచకుండా విత్తనాన్ని బయటికి ఉంచే మొక్కలు). ఫర్ ఆకు సూదిలా సన్నగా, కాస్త బల్లపరుపుగా ఉంటుంది. అడుగున రెండు తెల్లటి చారలు కనిపిస్తాయి. అవి పత్రరంధ్రాల (ఆకు గాలి పీల్చుకునే సన్నని రంధ్రాల) వరసలు. ఆకు రాలిన చోట కొమ్మ మీద గుండ్రటి మచ్చ మిగులుతుంది. ఫర్‌ను గుర్తుపట్టడానికి అన్నిటికంటే నమ్మకమైన ఆనవాలు దాని శంకువు (విత్తనాలు పెరిగే చెక్క కాయ లాంటి భాగం). అది కొమ్మ మీద దీపం ఒత్తిలా నిటారుగా నిలబడుతుంది. పండాక కింద పడదు. చెట్టు మీదే పొలుసు పొలుసుగా విడిపోతుంది. నడిమి కాడ ఒక్కటే కొమ్మకు మిగులుతుంది.

ఫర్ ప్రజాతిలో (దగ్గరి జాతులన్నిటినీ కలిపి పెట్టిన గుంపులో) సుమారు 50 జాతులున్నాయి. అన్నీ ఉత్తరార్ధగోళంలోనే ఉన్నాయి. సైబీరియాలో, కెనడాలో మైదానాల్లో కూడా పెరుగుతాయి. దక్షిణానికి వచ్చేకొద్దీ కొండలెక్కుతాయి. అన్నిటికంటే దక్షిణాన ఉన్నది గ్వాటెమాలా ఫర్. అది పెరిగే అక్షాంశం దాదాపు నెల్లూరు, కడపల అక్షాంశమే. అక్కడ రెండు మూడు వేల మీటర్ల ఎత్తున చల్లటి కొండలున్నాయి కాబట్టి అది బతుకుతోంది. మన తూర్పు కనుమల్లో అన్నిటికంటే ఎత్తయిన శిఖరం కూడా 1,700 మీటర్లకు చేరదు.

కొండలెక్కే ఈ స్వభావాన్ని గుర్తుంచుకోవాలి. ఫర్ చెట్ల చరిత్రలో చాలా భాగం దాని చుట్టూనే తిరుగుతుంది.

రూపాన్ని బట్టి ఈ చెట్లను వర్గీకరించడం మొదటి నుంచీ తికమకే. 1753లో లిన్నేయస్ ఫర్‌నూ స్ప్రూస్‌నూ పైన్ ప్రజాతిలోనే కలిపేశాడు. పైగా రోమన్లు ఫర్‌కు వాడిన అబీస్ అన్న మాటను స్ప్రూస్‌కు పెట్టాడు. స్ప్రూస్‌కు వాడిన పైసియాను ఫర్‌కు పెట్టాడు. మరుసటి ఏడాదే ఫిలిప్ మిల్లర్ అబీస్‌ను విడి ప్రజాతిగా నిలబెట్టాడు. ఆ తర్వాత వృక్షశాస్త్రజ్ఞులు శంకువు రంగు, పొలుసుల వెనక ఉండే చిన్న పుచ్ఛాలు (సన్నని ఆకుల్లాంటి పొరలు) బయటికి పొడుచుకొస్తున్నాయా లేదా, ఆకులో జిగురు నాళాలు ఎక్కడున్నాయి వంటి ఆనవాళ్లతో జాతులను గుంపులు చేశారు. 1989లో ఫార్జన్, రష్‌ఫోర్త్ ఇచ్చిన వర్గీకరణలో పది విభాగాలున్నాయి. ఎంతో శ్రద్ధతో చేసిన పని అది. ఇప్పటికీ డీఎన్‌ఏ ఫలితాలను దానితోనే పోల్చి చూస్తారు.

రూపంతో వచ్చే ఇబ్బంది వేరే ఉంది. ఎండ ఎక్కువగా ఉండే పొడి కొండ మీద పెరిగే చెట్టుకు గట్టి, పొట్టి ఆకు మేలు. అలాంటి రెండు కొండల మీద ఏ చుట్టరికమూ లేని రెండు చెట్లు ఒకేలాంటి ఆకును సంపాదించుకోగలవు. అన్నదమ్ముల్లాంటి రెండు చెట్లు ఒకటి తడి లోయకు, ఒకటి ఎండ కొండకు చేరితే పోలికలే లేకుండా పోగలవు. పోలికను బట్టి చుట్టరికం చెబితే రెండు వైపులా పొరపాటు జరుగుతుంది.

డీఎన్‌ఏ ఎందుకు మెరుగైన సాక్ష్యం? మన తాళపత్ర ప్రతుల సంగతి తెలిసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులను పెట్టుకుని తెలుగు కావ్యాల ప్రతులెన్నో సేకరించి సరిపోల్చాడు. ఒకే కావ్యానికి పది ప్రతులుంటే పదింటిలోనూ పాఠాలు తేడాగా ఉంటాయి. ఎత్తిరాసిన ప్రతివాడూ ఎక్కడో ఒక చోట పొరపడతాడు. ఆ ప్రతిని చూసి రాసినవాడు ఆ పొరపాటును కూడా దించుకుంటాడు, తన పొరపాటును దానికి చేరుస్తాడు. మూడు ప్రతుల్లో ఒకే పద్యపాదం ఒకే విధంగా తప్పిపోయి ఉంటే ఆ మూడూ ఒకే మాతృక నుంచి వచ్చినవని ఊహించవచ్చు. సరైన పాఠం అన్నిటిలో ఉండటం ఏ చుట్టరికాన్నీ చెప్పదు. అది అందరికీ తాత ఆస్తి. చుట్టరికాన్ని చెప్పేది ఉమ్మడి తప్పు.

డీఎన్‌ఏ కూడా ఎత్తిరాతే. దానికి నాలుగే అక్షరాలు: ఎ, టి, జి, సి. తరం నుంచి తరానికి నకలు దిగేటప్పుడు ఎప్పుడో ఒకసారి ఒక అక్షరం మారుతుంది. దీన్ని ఉత్పరివర్తనం (నకలులో వచ్చి వారసత్వంగా కొనసాగే మార్పు) అంటారు. అందులో చాలా మార్పులు చెట్టు రూపాన్నిగానీ బతుకునుగానీ తాకవు. అందుకే వాతావరణం వాటిని ఒకేలా మలచదు. ఎండ కొండ మీద రెండు చెట్లకు ఒకేలాంటి ఆకు రావచ్చు. వేల అక్షరాల పొడవునా ఒకే చోట్ల ఒకే మార్పులు రావడం మాత్రం కాకతాళీయం కాదు.

పని ఇలా సాగుతుంది. చెట్టు నుంచి నాలుగు లేత ఆకులు కోసి, తేమను పీల్చే సిలికా గుళికల సంచిలో వేస్తారు. ప్రయోగశాలలో వాటిని పొడి చేసి, కణాలను పగలగొట్టి డీఎన్‌ఏను వేరు చేస్తారు. కావలసిన భాగాన్ని పీసీఆర్ పద్ధతిలో (చిన్న డీఎన్‌ఏ ముక్కను కోట్ల నకళ్లు తీసే పద్ధతిలో) పెంచి, యంత్రంతో అక్షరాలు చదివిస్తారు. వివిధ జాతుల పాఠాలను ఒకదాని కింద ఒకటి, అక్షరానికి అక్షరం సరిపోయేలా పేరుస్తారు. ఆ మార్పులన్నిటికీ బాగా పొంతన కుదిరే వంశవృక్షాన్ని కంప్యూటర్ వెతుకుతుంది. తర్వాత పాఠంలోని నిలువు వరసలను లాటరీ తీసినట్టు మళ్లీ మళ్లీ ఎంపిక చేసి, ప్రతిసారీ వృక్షాన్ని కొత్తగా కట్టిస్తారు. వెయ్యి సార్లలో 980 సార్లు వచ్చిన కొమ్మను నమ్ముతారు. 500 సార్లే వచ్చిన కొమ్మను అనుమానిస్తారు.

పైన్ కుటుంబంలో ఎవరు ఎటు అన్నది ఈ పద్ధతితో చాలావరకు తేలింది. ఫర్‌కు అన్నిటికంటే దగ్గరి బంధువు కెటెలీరియా. చైనా, తైవాన్, లావోస్, వియత్నాంలలో పెరిగే చెట్టు అది. స్ప్రూస్ చూడటానికి ఫర్‌లా ఉన్నా చుట్టరికంలో పైన్‌కే దగ్గర. ఇటీవలి విశ్లేషణలు హిమాలయ దేవదారును ఫర్ వైపు ఉంచాయి. (రాయలసీమ కొండల్లో దేవదారి అని పిలిచేది పూర్తిగా వేరే చెట్టు. దానికి పైన్ కుటుంబంతో సంబంధం లేదు.) అమెరికా కలప వ్యాపారంలో పేరున్న డగ్లస్ ఫర్ అసలు ఫర్ కాదు. దాని శంకువు కిందికి వేలాడుతుంది, పండాక ముక్కలు కాకుండా నిండుగా రాలుతుంది. డీఎన్‌ఏ దాన్ని అదే కుటుంబంలోని లార్చ్ అనే చెట్టు పక్కన కూర్చోబెట్టింది.

ఇక ఫర్ చెట్ల మధ్య చుట్టరికాలకు వద్దాం. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

మొక్క కణంలో డీఎన్‌ఏ మూడు చోట్ల ఉంటుంది. ఒకటి కేంద్రకం. ఫర్ కేంద్రకంలోని గ్రంథం చాలా పెద్దది. 2019లో ప్రచురించిన యూరప్ సిల్వర్ ఫర్ జన్యుపటం సుమారు 1,800 కోట్ల అక్షరాల పొడవుంది. మనిషిది సుమారు 300 కోట్లే. ఆ ఫర్ గ్రంథంలో చాలా భాగం వచ్చిన మాటే మళ్లీ మళ్లీ రావడం. రెండోది హరితరేణువు (ఆకుకు పచ్చదనాన్నిచ్చి, ఎండ నుంచి ఆహారం తయారుచేసే భాగం). అందులో సుమారు 1,20,000 అక్షరాల చిన్న పుస్తకం ఉంటుంది. మూడోది మైటోకాండ్రియా (కణానికి శక్తిని అందించే భాగం). అందులోనూ సొంత డీఎన్‌ఏ ఉంటుంది.

కేంద్రకపు డీఎన్‌ఏ తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తుంది. ఇది అన్ని మొక్కలకూ మామూలే. పూచే మొక్కల్లో చాలావాటికి హరితరేణువు, మైటోకాండ్రియా రెండూ తల్లి నుంచే వస్తాయి. పైన్ కుటుంబంలో అలా కాదు. హరితరేణువు పుప్పొడి ద్వారా తండ్రి నుంచి వస్తుంది. మైటోకాండ్రియా విత్తనం ద్వారా తల్లి నుంచి వస్తుంది. మన ఇళ్లలో ఇంటిపేరు తండ్రి వైపు నుంచి వచ్చినట్టు ఫర్ చెట్టుకు హరితరేణువు వస్తుందనుకోండి. అమ్మమ్మ, అమ్మ, కూతురు అన్న వరసలో దిగే ఆస్తి మైటోకాండ్రియా. ఒక్క చెట్టులోనే తండ్రుల వరసా, తల్లుల వరసా విడివిడిగా భద్రంగా ఉంటాయన్నమాట. వంశచరిత్ర వెతికేవాడికి ఇంతకంటే మంచి సాక్షి దొరకడు.

ఈ రెండు వరసలు తిరిగే దూరాలు కూడా వేరు. పుప్పొడికి గాలి తిత్తులుంటాయి. గాలిలో ఎంతో దూరం పోతుంది. విత్తనానికి రెక్క ఉన్నా బరువెక్కువ. ఎక్కువ భాగం తల్లి చెట్టుకు దగ్గర్లోనే పడుతుంది. కాబట్టి తల్లి వరస పుట్టిన ఊరిని అంటిపెట్టుకుని ఉంటుంది. తండ్రి వరస గాలితో పాటు దేశాలు తిరుగుతుంది.

దీన్ని యూరప్ సిల్వర్ ఫర్ మీద జర్మనీ పరిశోధకులు 2002లో స్పష్టంగా చూపించారు. గత హిమయుగంలో యూరప్ ఉత్తర భాగాన్ని మంచు కప్పేసింది. ఫర్ చెట్లు దక్షిణాన కొన్ని వెచ్చటి మూలల్లో మాత్రమే మిగిలాయి. మంచు కరిగాక అక్కడి నుంచి మళ్లీ ఉత్తరానికి పాకాయి. పరిశోధకులు మైటోకాండ్రియా డీఎన్‌ఏను చూస్తే యూరప్ రెండుగా చీలింది. పడమటి వైపు ఒక రకం, తూర్పు వైపు మరో రకం. అంటే రెండు ఆశ్రయాలు: ఒకటి ఇటలీ వైపు, మరొకటి బాల్కన్ వైపు. ఆ రెండు ఆశ్రయాల నుంచి పాకిన చెట్లు కార్పాథియన్ కొండల వంటి చోట ఎదురుపడ్డాయి. అదే చెట్ల హరితరేణువును చూస్తే గీతే లేదు. రెండు రకాలూ అంతటా ఉన్నాయి. పడమటి నుంచి తూర్పుకు వెళ్లేకొద్దీ ఒకటి తగ్గుతూ, ఒకటి పెరుగుతూ పోతుంది. విత్తనాలు ఆగిన చోట పుప్పొడి ఆగలేదు.

ఒక్క మైటోకాండ్రియానే చదివి ఉంటే ఇవి విడిపోయిన రెండు చెట్లు అనేవాళ్లం. ఒక్క హరితరేణువునే చదివి ఉంటే అంతా ఒకటే అనేవాళ్లం. రెండూ సగం నిజాలే. రెండు కలిపి చదివినప్పుడే ఆ చెట్టు ఎక్కడ తల దాచుకుందో, తర్వాత ఎవరితో కలిసిందో తెలిసింది. నా దృష్టిలో ఫర్ చెట్ల పరిశోధన మొత్తంలో ఇంత సులువుగా, ఇంత లోతుగా పాఠం చెప్పే ఉదాహరణ మరొకటి లేదు.

మధ్యధరా సముద్రం చుట్టూ ఇలాంటి ముడులు ఎన్నో. దక్షిణ స్పెయిన్ కొండల్లో పిన్సాపో ఫర్ ఉంది. జిబ్రాల్టర్ జలసంధి దాటితే మొరాకో రిఫ్ కొండల్లో దాని పోలికే ఉన్న ఫర్ ఉంది. ఇంకా తూర్పున అల్జీరియా బాబోర్ పర్వతం మీద నుమీడియా ఫర్ ఉంది. మూడింటికీ గట్టి, దళసరి ఆకులే. 1989 నాటి వర్గీకరణ వీటన్నిటినీ ఒకే విభాగంలో పెట్టింది. చూస్తే అదే న్యాయం అనిపిస్తుంది. 2014లో వచ్చిన ఒక అధ్యయనం డీఎన్‌ఏ చదివి వేరే మాట చెప్పింది. మొరాకో ఫర్ స్పెయిన్ వైపు నుంచి వచ్చింది. అల్జీరియా ఫర్ మూలాలు యూరప్‌లో మరో వైపు ఉన్నాయి. ఆఫ్రికాలో ఇరుగుపొరుగున ఉన్న రెండు చెట్లు వేర్వేరు దారుల్లో సముద్రాన్ని దాటాయన్నమాట. అయితే చెట్టు సముద్రం దాటడం ఎలా? సుమారు 59 లక్షల ఏళ్ల కిందటి నుంచి 53 లక్షల ఏళ్ల కిందటి వరకు అట్లాంటిక్‌తో సంబంధం తెగి మధ్యధరా సముద్రం చాలావరకు ఎండిపోయింది. అప్పటి నేల దారులు ఇలాంటి ప్రయాణాలకు అనువుగా ఉండేవి.

బాల్కన్ ప్రాంతంలో మరో రకం ముడి ఉంది. అక్కడి ఒక ఫర్‌ను బల్గేరియా రాజు బోరిస్ పేరుతో జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు మాట్‌ఫెల్డ్ 1925లో వర్ణించాడు. అది సిల్వర్ ఫర్‌కూ గ్రీక్ ఫర్‌కూ మధ్యస్థంగా ఉంటుంది. ఆ రెండింటి సంకరంగా (రెండు జాతుల కలయికతో పుట్టిన సంతానంగా) చాలామంది దాన్ని చూస్తారు. ఫర్ జాతుల మధ్య ఇలాంటి కలయిక కష్టం కాదు. అన్నిటికీ క్రోమోజోములు 24. దగ్గర దగ్గర పెరిగితే చాలు, పుప్పొడి తన పని తాను చేసుకుపోతుంది.

ఇక్కడ కొండల సంగతి మళ్లీ గుర్తు చేసుకోవాలి. వాతావరణం వేడెక్కితే ఫర్ చెట్లు చల్లదనం కోసం పైకి జరుగుతాయి. ఒక్కో శిఖరం ఒక్కో ద్వీపమవుతుంది. మధ్యలోని వేడి లోయ సముద్రంలా అడ్డుపడుతుంది. ద్వీపంలో ఒంటరైన చెట్లు వేల తరాల్లో కొంచెం కొంచెంగా వేరవుతాయి. మళ్లీ చలి యుగం వస్తే అవి లోయల్లోకి దిగుతాయి. విడిపోయిన దాయాదులు ఎదురుపడతారు, కలుస్తారు. మళ్లీ వేడెక్కితే కొత్త కలగలుపుతో పైకి వెళతారు. గత ఇరవై ఆరు లక్షల ఏళ్లలో ఈ చలి-వేడి చక్రం ఎన్నోసార్లు తిరిగింది. ఫర్ జాతులు ఎక్కువగా గుమిగూడిన నైరుతి చైనా పర్వతాల్లో, హిమాలయాల్లో, మెక్సికో అగ్నిపర్వతాల మీద ఇదే జరుగుతూ వచ్చింది. అందుకే అక్కడ ఒక జాతి ఎక్కడ ముగిసి మరో జాతి ఎక్కడ మొదలవుతుందో చెప్పడం నిపుణులకూ కష్టం. మెక్సికోలో మోనార్క్ సీతాకోకచిలుకలు చలికాలమంతా వేలాడే చెట్టు ఓయమెల్ ఫర్. దానికీ చుట్టుపక్కల ఫర్‌లకూ మధ్య డీఎన్‌ఏ తేడాలు చాలా తక్కువ. ఇవన్నీ భూమి వయసుతో చూస్తే నిన్న మొన్న విడిపోయిన కొమ్మలు.

మొత్తం ప్రజాతి చరిత్రను మూడు డీఎన్‌ఏలతోనూ చదివే ప్రయత్నాలు ఈ శతాబ్దం రెండో దశాబ్దంలో ఊపందుకున్నాయి. 2015లో చైనా బృందం ఒకటి, 2018లో రష్యా బృందం ఒకటి వివరమైన ఫలితాలు ప్రచురించాయి. తండ్రి వరస గీసిన వంశవృక్షం, తల్లి వరస గీసిన వంశవృక్షం, కేంద్రకం గీసిన వంశవృక్షం అన్నిచోట్లా ఒకటి కాలేదు. మొదట్లో ఇలాంటి తేడా వస్తే పరిశోధకులు తమ పనిలో లోపముందేమో అని వెతికేవారు. ఇప్పుడు ఆ తేడానే సాక్ష్యంగా చదువుతున్నారు. మళ్లీ తాళపత్రాల ఉదాహరణకు వెళితే, కొందరు లేఖకులు రెండు ప్రతులు ఎదురుగా పెట్టుకుని రాసేవారు. ఒక ఆశ్వాసం దీని నుంచి, ఒకటి దాని నుంచి తీసుకునేవారు. అలాంటి ప్రతికి ఒక్క మాతృకే ఉందనుకుని వెతికితే జవాబు దొరకదు. ఏ ఆశ్వాసం ఎక్కడిదో విడిగా చూడాలి. ఫర్ జాతుల్లో కొన్ని అలాంటి ప్రతులే. లక్షల ఏళ్ల కిందటి కలయికలో ఒక జాతి హరితరేణువు మరో జాతిలోకి చేరి అక్కడే స్థిరపడిపోయింది.

అన్ని తేడాలకూ కలయికే కారణం అనలేం. పూర్వీకుల గుంపులోనే ఒక జన్యువుకు రెండు రకాలు ఉండి ఉండవచ్చు. ఆ గుంపు మూడు జాతులుగా త్వరత్వరగా విడిపోతే ఏ జాతికి ఏ రకం మిగులుతుందన్నది యాదృచ్ఛికం. దాన్ని చూసి చుట్టరికం తప్పుగా లెక్కవేసే ప్రమాదం ఉంది. ఈ రెండు కారణాలను విడదీయడానికే ఇప్పుడు ఒకటి రెండు జన్యువులతో ఆగకుండా వందలు, వేల చోట్ల చదువుతున్నారు. ఒక్కో జన్యువు ఒక్కో సాక్షి. ఎక్కువమంది ఏమంటున్నారో చూస్తే యాదృచ్ఛికంగా వచ్చిన తేడా ఎంతో బయటపడుతుంది.

కొమ్మలు కుదిరాక కాలం లెక్క వేయాలి. దీనికి అణు గడియారం (డీఎన్‌ఏ మార్పుల సంఖ్యను బట్టి విడిపోయిన కాలాన్ని అంచనా వేసే పద్ధతి) వాడతారు. మార్పులు సుమారు ఒకే వేగంతో పేరుకుంటాయనుకుంటే తేడాల సంఖ్యను బట్టి కాలం చెప్పవచ్చు. కానీ ఆ గడియారానికి ముందు టైమ్ పెట్టాలి. ఆ పని శిలాజాలు చేస్తాయి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో రిపబ్లిక్ అనే ఊరి దగ్గర దొరికిన అబీస్ మిల్లెరై అనే శిలాజానికి సుమారు 4.9 కోట్ల ఏళ్లు. కాబట్టి ఫర్ వంశం కెటెలీరియా నుంచి అంతకు ముందే విడిపోయి ఉండాలి. ఫర్ గడియారం నెమ్మది. విత్తనం నుంచి మొలిచిన చెట్టు తానే విత్తనం ఇవ్వడానికి తరచు పాతికేళ్లు దాటుతుంది. తరాలు తక్కువ కాబట్టి మార్పులూ తక్కువే. అందుకే పొట్టి డీఎన్‌ఏ ముక్కలతో ఫర్‌ల కాలం లెక్కవేయడం సాహసం.

పుట్టిల్లు ఎక్కడ? డీఎన్‌ఏ ఎక్కువగా పశ్చిమ ఉత్తర అమెరికా వైపు చూపిస్తోంది. కాలిఫోర్నియా తీరంలో సాంటా లూసియా కొండల్లో మాత్రమే పెరిగే ఒక ఫర్ ఉంది. దాని శంకువు నుంచి పొడవైన ముళ్లలాంటి పుచ్ఛాలు వేలాడతాయి. ఆకు కొస సూదిలా గుచ్చుకుంటుంది. రూపంలోనే ఒంటరిది. చాలా విశ్లేషణల్లో వంశవృక్షం మొదట్లోనే విడిపోయిన కొమ్మగా కూడా అదే వస్తుంది. పూర్వపు ఫర్‌లు అమెరికా నుంచి అలాస్కా, సైబీరియాలను కలిపిన బేరింగ్ నేలదారి మీదుగా ఆసియాకు చేరాయని 2018 అధ్యయనం వాదించింది. ఆ దారి తర్వాతి కాలంలో సముద్రం కింద మునిగింది. హిమాలయాల్లోని తాళీసపత్రపు చెట్టుకు కూడా అంత దూరపు పూర్వీకులున్నారన్నమాట.

ఇదంతా తెలుసుకుని చేసేదేమిటని అడగవచ్చు. మొదట ఆ చూర్ణం సంగతే చూద్దాం. ఫర్, యూ వేర్వేరు కుటుంబాలు. కోట్ల ఏళ్ల కిందటే విడిపోయాయి. వాటి డీఎన్‌ఏలో తేడాలు కొల్లలు. ఒక చిన్న ముక్క చదివినా చాలు, పొడిలో ఏది ఉందో తేలిపోతుంది. ఇది తేలడం అవసరం కూడా. యూ ఆకుల్లో టాక్సీన్లు అనే గుండెకు హాని చేసే విషపదార్థాలున్నాయి. అదే చిన్న ముక్కతో ఈ ఆకు అబీస్ స్పెక్టాబిలిస్‌దా, దాని పక్క కొండ మీది అబీస్ పిండ్రోదా అని అడిగితే జవాబు అంత గట్టిగా రాదు. దగ్గరి ఫర్‌ల మధ్య తేడాలు తక్కువ, కలయికలు ఎక్కువ. ఆ ప్రశ్నకు కేంద్రకంలో చాలా చోట్ల చదవాలి. ఒకే పరీక్ష దూరపు చుట్టాలను విడదీసినంత సులువుగా అన్నదమ్ములను విడదీయదు.

అడవుల సంగతి ఇంకా పెద్దది. యూరప్‌లో కరవు వేసవులు పెరిగాయి. కొన్నిచోట్ల సిల్వర్ ఫర్ ఎండిపోతోంది. అటవీ శాఖలు ఇప్పుడు నాటే మొక్క వందేళ్ల తర్వాతి వేడిని తట్టుకోవాలి. ఏ కొండ విత్తనం తేవాలన్నది వాళ్ల ప్రశ్న. దక్షిణపు ఆశ్రయాల్లో చెట్లు మంచు యుగమంతా కదలకుండా నిలిచాయి. కాబట్టి అక్కడ జన్యువుల్లో రకాలు ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. ఉత్తరానికి పాకిన కొద్దిపాటి చెట్ల సంతానంలో అంత వైవిధ్యం ఉండదు. ఏ అడవిని విత్తనం కోసం కాపాడాలో చెప్పడానికి వంశచరిత్ర ఇలా పనికొస్తుంది. సంఖ్య తగ్గిపోయిన జాతులకు ఇది మరీ అవసరం. చైనా ఝేజియాంగ్ రాష్ట్రంలో 1963లో కనుగొన్న బైషాన్ ఫర్‌కు అడవిలో మూడే చెట్లు మిగిలాయి. వాటి దగ్గరి బంధువులెవరో తెలిస్తేనే ఏ చెట్టు మీద అంటు కట్టాలో, ఎవరితో కలపకూడదో నిర్ణయించవచ్చు.

సిసిలీ దీవిలో మడోనీ కొండల మీద నెబ్రోడి ఫర్ ఉంది. ఎదిగిన చెట్లు సుమారు 30. ఒక్కొక్కటి ఎక్కడుందో లెక్క ఉంది. చెట్టుకు చెట్టు దూరంగా ఉండటంతో ఎక్కువ విత్తనాలు సొంత పుప్పొడితోనే పడతాయి. అలా వచ్చిన మొక్కలు బలహీనంగా ఉంటాయి. ఒకప్పుడు అడవి పెంచడానికి ఆ చుట్టుపక్కల సిల్వర్ ఫర్‌నూ గ్రీక్ ఫర్‌నూ నాటారు. వాటి పుప్పొడి కూడా గాలిలో వస్తోంది. నర్సరీలో మొలిచిన మొక్కలను చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. డీఎన్‌ఏ చదివితే ఏది అసలుదో, ఏది సంకరమో తెలుస్తుంది. హిమయుగం తర్వాత ఫర్‌లను కలిపి బలపరచిన పుప్పొడినే ఇక్కడ దూరం పెట్టాల్సి వస్తోంది. అప్పుడు కలిసినవి లక్షల చెట్ల అడవులు. ఇక్కడున్నవి ముప్పై. వెల్లువలా వచ్చే పరాయి పుప్పొడిలో అవి కలిసిపోవడానికి కొన్ని తరాలు చాలు. అందుకే పరిశోధకులు ఆ ముప్పై చెట్లలో ఒకదాని పుప్పొడిని సేకరించి మరోదాని శంకువుల మీద చేత్తో చల్లుతున్నారు. వచ్చిన విత్తనాలను నర్సరీలో వేసి, మొలిచిన మొక్కలను పరీక్షించాకే కొండ మీదికి తీసుకెళుతున్నారు.